స్క్రాబుల్ పోటీల ఫలితాలు, రేటింగు పద్ధతి

స్క్రాబుల్ ఆంగ్ల అక్షరాలతో పదాలను కూర్చే బల్లపై ఆడే ఆట. ఈ ఆటలో జరిగే పోటీలలో ఒక క్రీడాకారుని స్థాయిని తెలుపడానికి రెండు కొలమానాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది, ఒక పోటీ ముగిసిన తరువాత అతనికి లభించే స్థానం. రెండవది, అనేక పోటీలలో అతడు ఆడిన ఆటలను బట్టి గణించే రేటింగు అనే సంఖ్య. ఈ రెండూ ఒకదానికొకటి సంబంధం కలవే అయినప్పటికీ, రెండింటినీ లెక్కించే విధానం వేరు, వాటి ప్రయోజనం కూడా వేరు. ఒక పోటీలో ప్రథమ స్థానం పొందిన వ్యక్తికి, మూడవ స్థానం పొందిన వ్యక్తికి రేటింగులో సమానమైన పెరుగుదల రావచ్చు. ఒక్కొక్కప్పుడు బహుమతి పొందిన వ్యక్తి రేటింగు తగ్గడం కూడా జరుగుతుంది. ఇందుకు గల కారణాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ఆట పరిచయం

స్క్రాబుల్‌ను అమెరికాకు చెందిన వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ 1930వ దశకంలో రూపొందించాడు. 1948లో జేమ్స్ బ్రూనో దీనికి ఇప్పటి పేరు పెట్టి మార్కెట్లోకి తెచ్చాడు. బల్లపై 15 వరుసలు, 15 నిలువులు, మొత్తం 225 గళ్ళు ఉంటాయి. ఆంగ్ల ఆటలో 100 అక్షరపు బిళ్ళలు ఉంటాయి. వీటిలో రెండు ఖాళీ బిళ్ళలు. ఖాళీ బిళ్ళను ఏ అక్షరంగానైనా వాడుకోవచ్చు కాని దానికి పాయింట్లు ఉండవు. ప్రతి ఆటగాని వద్ద ఒకేసారి ఏడు బిళ్ళలు ఉంటాయి. ఏడింటినీ ఒకే ఎత్తులో వాడిన వారికి 50 పాయింట్లు అదనంగా లభిస్తాయి. ఉత్తర అమెరికాలో దీనిని బింగో అంటారు.

ఇంటిలో నలుగురు కలిసి ఈ ఆటను ఆడవచ్చు కాని, పోటీలలో ఎప్పుడూ ఇద్దరే ఆడతారు. చదరంగంలో వలె గడియారం వాడతారు. ఒక్కొక్కరికి సాధారణంగా 25 నిమిషాల సమయం ఉంటుంది. సమయం మించితే నిమిషానికి 10 పాయింట్ల చొప్పున కోత విధిస్తారు.

చదరంగానికి, స్క్రాబుల్‌కు ఒక ముఖ్యమైన భేదం ఉంది. చదరంగంలో బలగం అంతా ఇద్దరి కళ్ళ ఎదుటే ఉంటుంది. స్క్రాబుల్‌లో సంచిలో నుండి ఏ అక్షరాలు వస్తాయో ముందుగా తెలియదు. ఖాళీ బిళ్ళలు రెండూ ఒకరికే రావచ్చు. అందువలన మంచి నైపుణ్యం కలవారు కూడా సామాన్య ఆటగాని చేతిలో ఓడిపోయే అవకాశం ఉంది. ఫలితాల లెక్క, రేటింగు లెక్క రెండూ ఈ అదృష్టపు పాలును దృష్టిలో ఉంచుకొని ఏర్పడినవే.

పోటీ ఫలితాల లెక్క

ప్రతి ఆటలో గెలిచిన వారికి ఒక గెలుపు, ఆట సమం అయితే ఇద్దరికీ చెరి అర గెలుపు లభిస్తాయి. గెలుపుతో పాటు పాయింట్ల తేడాను కూడా నమోదు చేస్తారు. దీనిని స్ప్రెడ్ అంటారు. ఉదాహరణకు ఒక ఆట 420–390గా ముగిస్తే గెలిచిన వారికి +30, ఓడిన వారికి −30 స్ప్రెడ్ వస్తుంది. పోటీ మొత్తంలో వచ్చిన తేడాలను కూడితే మొత్తం స్ప్రెడ్ తెలుస్తుంది. స్థానాలను నిర్ణయించేటప్పుడు ముందుగా గెలుపుల సంఖ్యను చూస్తారు. గెలుపులు సమానమైనప్పుడు మాత్రమే స్ప్రెడ్‌ను చూస్తారు.

ఆట ముగిసిన వెంటనే ఇద్దరూ ఫలితపు చీటీ మీద స్కోర్లు వ్రాసి సంతకాలు చేసి పోటీ నిర్వాహకునికి అందజేస్తారు. నిర్వాహకుడు వాటిని కంప్యూటరులో నమోదు చేసి తరువాతి రౌండు జతలను ప్రకటిస్తాడు.

బేసి సంఖ్యలో ఆటగాళ్ళు ఉన్నప్పుడు ఒక రౌండులో ఒకరికి ప్రత్యర్థి ఉండడు. దీనిని బై అంటారు. బై వచ్చిన వారికి సాధారణంగా ఒక గెలుపు, +50 స్ప్రెడ్ ఇస్తారు. అయితే ఎదుట ఎవరూ ఆడలేదు కనుక ఇది రేటింగు లెక్కలోకి రాదు.

ఒక ఉదాహరణ

అ, ఆ, ఇ, ఈ అనే నలుగురు ఒకరితో ఒకరు ఒక్కొక్క ఆట ఆడారనుకుందాం. మొత్తం ఆరు ఆటల ఫలితాలు ఇలా ఉన్నాయి.

మొదటి రౌండు: అ 420 – ఆ 390, ఇ 450 – ఈ 350
రెండవ రౌండు: ఇ 400 – అ 380, ఆ 410 – ఈ 405
మూడవ రౌండు: అ 430 – ఈ 370, ఆ 500 – ఇ 360

చివరి పట్టిక:

1. ఆ – 2 గెలుపులు, స్ప్రెడ్ +115
2. అ – 2 గెలుపులు, స్ప్రెడ్ +70
3. ఇ – 2 గెలుపులు, స్ప్రెడ్ −20
4. ఈ – 0 గెలుపులు, స్ప్రెడ్ −165

అందరి స్ప్రెడ్‌లను కూడితే సున్న వస్తుంది. పట్టికలో తప్పులు దొర్లాయేమో చూడడానికి ఇది సులభమైన పరీక్ష. ఇక్కడ 'అ' ముఖాముఖి ఆటలో 'ఆ'పై గెలిచినప్పటికీ రెండవ స్థానమే పొందాడు. చివరి ఆటలో 140 పాయింట్ల తేడాతో గెలవడం 'ఆ'కు ప్రథమ స్థానం తెచ్చిపెట్టింది. ఈ కారణం చేతనే అనుభవం గల ఆటగాళ్ళు ఓటమి ఖాయమని తెలిసిన తరువాత కూడా ఆటను వదలివేయరు. 80 పాయింట్లతో ఓడవలసిన ఆటను 40 పాయింట్లతో ఓడితే, పోటీ చివరిలో ఆ 40 పాయింట్లే స్థానాన్ని నిర్ణయించవచ్చు.

జతలు కూర్చే పద్ధతులు

ఎవరు ఎవరితో ఆడాలో నిర్ణయించడానికి పలు పద్ధతులు ఉన్నాయి.

రౌండ్ రాబిన్: ప్రతి ఒక్కరూ మిగిలిన అందరితో ఆడతారు. ఆటగాళ్ళు తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే ఇది సాధ్యం.

స్విస్ పద్ధతి: అంతవరకు సమానమైన ఫలితాలు గలవారిని ఒకరితో ఒకరిని ఆడిస్తారు. ఓడినవారు పోటీ నుండి తొలగిపోరు. ఇది 1895లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ చదరంగపు పోటీ నుండి వచ్చినందున ఈ పేరు ఏర్పడింది.

కింగ్ ఆఫ్ ది హిల్: పట్టికలో మొదటివారు రెండవవారితో, మూడవవారు నాలుగవవారితో ఈ వరుసలో ఆడతారు. దీనిని ఎక్కువగా చివరి రౌండ్లలో వాడతారు.

గిబ్సన్ నియమం: ఒక ఆటగాడు మిగిలిన ఆటలన్నీ ఓడినా ప్రథమ స్థానం కోల్పోని స్థితికి చేరితే, అతనిని రెండవ స్థానం కోసం పోటీ పడుతున్న వారితో ఆడించరు. బహుమతికి దూరంగా ఉన్న వారితో జత కూరుస్తారు. అప్పటికే గెలిచిన వ్యక్తి ఆట ఇతరుల బహుమతులను తారుమారు చేయకుండా ఉండడం దీని ఉద్దేశం. అమెరికా జాతీయ విజేత డేవిడ్ గిబ్సన్ పేరు మీద ఈ నియమం ఏర్పడింది.

రేటింగు అవసరం

ఒక చిన్న పోటీ ఫలితం నైపుణ్యానికి ఎంతవరకు ప్రమాణమో సంభావ్యత ద్వారా తెలుసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు కొంత మెరుగైనవాడై, ప్రతి ఆటలోనూ అతనికి 60 శాతం గెలిచే అవకాశం ఉందనుకుందాం. ఇద్దరూ 7 ఆటలు ఆడితే అందులో ఎక్కువ ఆటలు అతడు గెలిచే అవకాశం సుమారు 71 శాతం మాత్రమే. అనగా ఇటువంటి పది పోటీలలో దాదాపు మూడింటిలో తక్కువ నైపుణ్యం గలవాడే పైచేయి సాధిస్తాడు. 31 ఆటలు ఆడినప్పుడు కూడా ఈ అవకాశం సుమారు 87 శాతమే. ఈ కారణంగానే పెద్ద పోటీలను పలు రోజులపాటు, పదుల సంఖ్యలో ఆటలతో నిర్వహిస్తారు. ప్రపంచ పోటీల ఫైనల్‌లో కూడా ఒక్క ఆటతో సరిపెట్టరు. 2007లో ముంబైలో జరిగిన ప్రపంచ స్క్రాబుల్ పోటీ ఫైనల్‌లో న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ మలేషియాకు చెందిన గణేశ్ ఆశీర్వాదంపై 3–0 తేడాతో గెలిచాడు.

ఒకే పోటీ మీద ఆధారపడకుండా, అనేక పోటీలలోని ఆటలన్నింటినీ కలిపి స్థాయిని అంచనా వేసే ప్రయత్నమే రేటింగు.

ఎలో పద్ధతి

పలు స్క్రాబుల్ సంఘాలు వాడే రేటింగులకు మూలం చదరంగంలోని ఎలో పద్ధతి. దీనిని హంగేరీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన భౌతిక శాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో రూపొందించాడు. అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) 1970లోను దీనిని స్వీకరించాయి. చదరంగం వార్తల ద్వారా తెలుగువారికి ఈ అంకెలు పరిచితమే. 2007లో కోనేరు హంపి 2600 రేటింగు దాటిన రెండవ మహిళగా నిలవడం, 2024లో వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి 2800 దాటడం ఈ పద్ధతిలోని లెక్కలే. అయితే చదరంగం రేటింగును, స్క్రాబుల్ రేటింగును పోల్చరాదు. రెండు ఆటల ఆటగాళ్ళ సమూహాలు వేరు.

ఈ పద్ధతిలో మూడు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు – ఆశించిన గెలుపు: ఇద్దరి రేటింగుల తేడాను బట్టి ఒక్కొక్కరు గెలిచే అవకాశాన్ని లెక్కిస్తారు. రేటింగులు సమానమైతే అవకాశం చెరి సగం. బాగా వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం ఎక్కువ రేటింగు గల వ్యక్తి గెలిచే అవకాశం ఇలా ఉంటుంది.

తేడా 100 పాయింట్లు – 64 శాతం
తేడా 200 పాయింట్లు – 76 శాతం
తేడా 300 పాయింట్లు – 85 శాతం
తేడా 400 పాయింట్లు – 91 శాతం

పైన చెప్పిన 60 శాతం అవకాశం సుమారు 70 పాయింట్ల తేడాకు సమానం.

రెండవ మెట్టు – వాస్తవ ఫలితంతో పోలిక: పోటీలో ఆడిన ఆటలన్నింటికీ ఆశించిన గెలుపులను కూడి, వాస్తవంగా వచ్చిన గెలుపుల నుండి తీసివేస్తారు.

మూడవ మెట్టు – గుణకం: ఈ భేదాన్ని ఒక గుణకంతో హెచ్చించి పాత రేటింగుకు కలుపుతారు. గుణకం పెద్దదైతే రేటింగు త్వరగా మారుతుంది, చిన్నదైతే నెమ్మదిగా మారుతుంది. కొత్త ఆటగాళ్ళకు పెద్ద గుణకాన్ని, చాలా ఆటలు ఆడిన పై స్థాయి వారికి చిన్న గుణకాన్ని వాడడం ఆనవాయితీ. చదరంగంలో ఫిడే కొత్తవారికి 40, తరువాత 20, 2400 రేటింగు చేరినవారికి 10 గుణకంగా వాడుతుంది.

ఉదాహరణకు 1500 రేటింగు గల ఆటగాడు వరుసగా 1500, 1600, 1700, 1900 రేటింగు గల నలుగురితో ఆడి రెండు ఆటలు గెలిచాడనుకుందాం. అతని నుండి ఆశించిన గెలుపులు 0.50 + 0.36 + 0.24 + 0.09 = 1.19. వాస్తవ గెలుపులు 2. భేదం 0.81. గుణకం 20 అయితే 16 పాయింట్లు పెరిగి రేటింగు 1516 అవుతుంది. నాలుగింటిలో రెండు ఓడినా రేటింగు పెరిగిందన్నది గమనించదగినది.

స్థానం, రేటింగు – భేదం

పైన చెప్పిన నలుగురి పోటీని మరల చూడవచ్చు. నలుగురికీ 1500 రేటింగు, గుణకం 20 అనుకుంటే, ఒక్కొక్కరి నుండి ఆశించిన గెలుపులు 1.5. రెండేసి గెలుపులు పొందిన అ, ఆ, ఇ ముగ్గురికీ సరిగ్గా 10 పాయింట్ల చొప్పున పెరుగుతుంది. ఒక్క ఆట కూడా గెలవని 'ఈ'కి 30 పాయింట్లు తగ్గుతుంది. బహుమతి పట్టికలో ఒకటి, రెండు, మూడు స్థానాలుగా విడిపోయిన ముగ్గురూ రేటింగు దృష్టిలో సమానులే.

దీనికి కారణం, ఈ తరహా రేటింగులో గెలుపు ఓటములే తప్ప స్ప్రెడ్ లెక్కకు రాదు. 2006లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం లెక్సింగ్టన్ క్లబ్బులో మైకేల్ క్రెస్టా 830–490 స్కోరుతో ఒక ఆట గెలిచాడు. అంతటి ఆట అయినా ఈ లెక్కలో ఒక్క పాయింటు తేడాతో గెలిచిన ఆటతో సమానమే అవుతుంది. ఆటలో వెనుకబడినవారు తేడాను లెక్కచేయక సాహసించి గెలవడానికి ప్రయత్నిస్తారు. ముందున్నవారు పాయింట్లు కొంత వదులుకొని అయినా బల్లను మూసివేయడానికి చూస్తారు. కాబట్టి స్ప్రెడ్ నైపుణ్యానికి సరియైన కొలత కాదని ఈ పద్ధతిని సమర్థించేవారి వాదన. స్ప్రెడ్‌లో కూడా కొంత సమాచారం ఉంటుంది, దానిని పూర్తిగా విడిచిపెట్టడం తగదని మరొక వాదన.

బహుమతి పొంది కూడా రేటింగు కోల్పోవడం ఎలా జరుగుతుందో ఇదే లెక్క చెబుతుంది. 1900 రేటింగు గల వ్యక్తి అందరూ 1500 వారే ఉన్న పోటీలో ఆడితే, ఒక గెలుపుకు అతనికి వచ్చేది 2 పాయింట్ల కంటే తక్కువ. ఒక ఓటమికి పోయేది సుమారు 18 పాయింట్లు. పది గెలుపుల లాభం ఒక్క ఓటమితో పోతుంది. పది ఆటలలో ఎనిమిది గెలిచి అతడు ప్రథమ బహుమతి పొందవచ్చు కాని రేటింగు సుమారు 22 పాయింట్లు తగ్గుతుంది. రేటింగును కాపాడుకోవాలనే కోరికతో పేరున్న ఆటగాళ్ళు చిన్న పోటీలకు రాకపోవడం ఈ పద్ధతి వలన కలిగే చిక్కులలో ఒకటి.

పెర్ఫార్మెన్స్ రేటింగు

ఒక్క పోటీలోని ఆటను మాత్రమే రేటింగు రూపంలో చెప్పడానికి పెర్ఫార్మెన్స్ రేటింగును వాడతారు. ఆ పోటీలో వచ్చిన గెలుపులే ఆశించిన గెలుపులు కావాలంటే ఎంత రేటింగు ఉండాలో అదే పెర్ఫార్మెన్స్ రేటింగు. పై ఉదాహరణలో 1500 వారిపై మూడింట రెండు గెలిచినవారికి ఇది సుమారు 1620 అవుతుంది. అన్ని ఆటలూ గెలిచిన వారికి, అన్నీ ఓడిన వారికి ఈ సూత్రం పనిచేయదు. అటువంటప్పుడు ప్రత్యేక నియమాలు వాడతారు.

బ్రిటన్ పద్ధతి

బ్రిటన్ స్క్రాబుల్ ఆటగాళ్ళ సంఘం 1987లో ఏర్పడింది. ఆ సంఘం అనుసరించిన పద్ధతి ఇంగ్లాండు చదరంగంలో ఒకప్పుడు వాడిన లెక్కను పోలి ఉంటుంది. ఒక ఆట గెలిస్తే ప్రత్యర్థి రేటింగుకు 50 కలిపి, ఓడితే 50 తీసివేసి, ఆ సంఖ్యను ఆ ఆటకు వచ్చిన మార్కుగా తీసుకుంటారు. ఇటువంటి మార్కుల సగటే రేటింగు. ఇద్దరి మధ్య తేడా 40 కంటే ఎక్కువ ఉంటే 40గానే పరిగణిస్తారు. ఉదాహరణకు 160 గల వ్యక్తి 100 గల వ్యక్తిపై గెలిస్తే, ప్రత్యర్థిని 120గా భావించి 170 మార్కులు ఇస్తారు. ఈ పరిమితి లేకపోతే 150 మార్కులే వచ్చి గెలిచినవారి సగటు తగ్గిపోయేది. కాగితం మీద ఎవరైనా సులభంగా లెక్క వేసుకోగలగడం ఈ పద్ధతిలోని సౌలభ్యం.

డూప్లికేట్ పద్ధతి

ఫ్రెంచి భాషా ప్రాంతాలలో అదృష్టపు సమస్యకు వేరొక పరిష్కారం కనుగొన్నారు. 1972లో బెల్జియంకు చెందిన హిప్పోలైట్ వూటర్స్ డూప్లికేట్ పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఇందులో ఎందరు ఉన్నా అందరికీ ఒకే ఏడు అక్షరాలు, ఒకే బల్ల. నిర్ణీత సమయంలో ప్రతి ఒక్కరూ తమకు తోచిన ఉత్తమమైన ఎత్తును చీటీపై వ్రాసి ఇస్తారు. ఎవరి ఎత్తుకు తగిన పాయింట్లు వారికి వేస్తారు. తరువాత సాధ్యమైన అత్యధిక పాయింట్ల ఎత్తును అందరి బల్లలపై ఉంచి ఆటను కొనసాగిస్తారు. అత్యధిక మొత్తంలో ఒక ఆటగాడు ఎంత శాతం సాధించాడన్నదే ఫలితం.

ఈ పద్ధతిలో అక్షరాల అదృష్టానికి తావు లేదు. ఎదుటివారిని అడ్డుకోవడం, మంచి అక్షరాలను తరువాతి ఎత్తు కోసం దాచుకోవడం వంటి వ్యూహాలు మాత్రం ఇందులో ఉండవు. ఫ్రెంచి భాషలో ఇద్దరు ఎదురెదురుగా ఆడే క్లాసిక్ విభాగం కూడా ఉంది. ఫ్రెంచి మాట్లాడడం రాని నైజెల్ రిచర్డ్స్ 2015లో బెల్జియంలో జరిగిన ఆ విభాగపు ప్రపంచ పోటీలో గెలవడం విశేష వార్త అయింది.

సంఘాలు, పద జాబితాలు

ప్రపంచ ఆంగ్ల స్క్రాబుల్ ఆటగాళ్ళ సంఘం (వెస్పా) 2003లో ఏర్పడింది. వివిధ దేశాల ఆటగాళ్ళకు ఉమ్మడి రేటింగును ఈ సంఘం ప్రకటిస్తుంది. 2019లో దీని ప్రపంచ పోటీ గోవాలో జరిగింది. ఉత్తర అమెరికాలో 2009 నుండి నాస్పా అనే సంఘం పోటీలను, రేటింగులను నిర్వహిస్తున్నది.

అంతర్జాతీయ పోటీలలో కాలిన్స్ పద జాబితాను వాడతారు. ఇందులో 2 లక్షల 70 వేలకు పైగా పదాలు ఉన్నాయి. ఉత్తర అమెరికాలో ఎక్కువగా వాడే జాబితాలోని పదాలు 2 లక్షలకు లోపు. ఒక జాబితాలో నిపుణుడైనవాడు మరొక జాబితాలో అంతే నిపుణుడు కావాలని లేదు. అందుచేత నాస్పా ఈ రెంటికీ వేరువేరు రేటింగులు నిర్వహిస్తుంది.

తప్పు పదమని ఎదుటివారు సవాలు చేసినప్పుడు వర్తించే నియమం కూడా ఫలితంపై ప్రభావం చూపుతుంది. సవాలు తప్పు అయితే ఉత్తర అమెరికాలో సవాలు చేసినవారు తమ ఎత్తును కోల్పోతారు. అంతర్జాతీయ పోటీలలో పదానికి 5 పాయింట్ల వంటి చిన్న జరిమానా ఉంటుంది.

పరిమితులు, విమర్శలు

రేటింగు ఒక అంచనా మాత్రమే. కొద్ది ఆటలు ఆడినవారి రేటింగు నమ్మదగినది కాదు కనుక దానిని తాత్కాలిక రేటింగుగా పరిగణిస్తారు. త్వరగా మెరుగుపడుతున్న బాలబాలికల రేటింగు వారి నిజమైన స్థాయి కంటే వెనుకబడి ఉంటుంది. అటువంటివారితో ఆడి ఓడినవారు అన్యాయంగా పాయింట్లు కోల్పోతారు. ఒకే గుణకం గల ఇద్దరి మధ్య ఒకరికి పెరిగినది మరొకరికి తగ్గుతుంది. కాబట్టి కొత్తవారు తక్కువ రేటింగుతో ప్రవేశించి ఎదుగుతూ ఉంటే సమూహం మొత్తం రేటింగులు క్రమంగా పడిపోవచ్చు. సంఘాలు దీనిని సరిచేయడానికి అదనపు పాయింట్లు ఇస్తే, కాలం గడిచేకొద్దీ అంకెలు పెరిగిపోవచ్చు. ఈ కారణాల వలన వేరువేరు కాలాల ఆటగాళ్ళను రేటింగుతో పోల్చడం సరికాదు.

పోటీలో విభాగం, ఆరంభపు జతలు, కొన్ని పోటీలకు ఆహ్వానం రేటింగును బట్టి నిర్ణయమౌతాయి. కాబట్టి ఫలితాల నిజాయితీ ముఖ్యమైనది. 2012లో అమెరికాలోని ఓర్లాండోలో జరిగిన జాతీయ పోటీలో ఖాళీ బిళ్ళలను దాచిన ఒక బాల ఆటగాడిని పోటీ నుండి తొలగించారు. సంచిని కంటి ఎత్తుకు పైగా పట్టుకొని బిళ్ళలు తీయాలన్న నియమం ఇటువంటి మోసాలను నివారించడానికి ఉద్దేశించినదే.

ఇవి కూడా చూడండి

చదరంగం
ఎలో రేటింగు పద్ధతి
సంభావ్యత
గళ్ళ నుడికట్టు